నాలుగు చుక్కలు తక్కువ

"ఏమిరా, అయ్యిందా?"

"అయిపోవచ్చింది చిన్నాయనా."

"మొన్న గూడ ఇదే మాట చెప్తివి. ఇన్ని దినాల్లో నేనైతే చేనంతా దున్ని గుంటక గూడ తోలుంటి."

ఎనిమిది రోజులుగా పొద్దున్నే ఇదే ఫోను, ఇదే అబద్ధం. ఎనిమిది రోజులుగా నేను కంప్యూటరు తెర మీద ఒకే ఒక గీత గీస్తున్నాను. గీత పడుతోంది. పడాల్సిన చోటికి నాలుగు చుక్కల ఇవతల పడుతోంది.

తప్పు నా నోటిది. పండక్కి ఊరికి పోయినప్పుడు జారింది. చిన్నాయనకు ఇద్దరు కొడుకులు, నాలుగెకరాల చేను. పంచాలి. కొడుకులు తండ్రి గీసిన గీతను నమ్మరు, పెద్దమనుషులు గీసిన గీతను అసలే నమ్మరు. "కంప్యూటరు గీస్తే నోరు మూసుకుంటరు" అన్నాడాయన. ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో ఆ కంప్యూటర్ల మీదే బతుకుతున్నవాణ్ని, "దానికేం, పది నిమిషాల పని" అన్నాను. స్కేలూ పెన్సిలూ తీసుకుంటే నిజంగా పది నిమిషాలే. కానీ పరువని ఒకటుంది కదా! సొంతంగా ప్రోగ్రామే రాయడానికి కూర్చున్నాను. అడుగుకు ఒక పిక్సెల్, అంటే ఒక చుక్క. సర్వే వాళ్ల టిపన్ కాగితం ప్రకారం చేను వెడల్పు 330 అడుగులు, పొడవు 528. 33 అడుగుల గొలుసుతో పది గొలుసులు అడ్డం, పదహారు నిలువు. నూట అరవై గుంటలు, సరిగ్గా నాలుగెకరాలు. దాని మీద, నేనే టేపు పట్టి మూలమూలకూ కొలుచుకొచ్చిన లెక్కలతో గట్లు గీయాలి. మూడు వైపులా గట్లు టిపన్ మీద అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి. దక్షిణపు గీత మాత్రం నాలుగు చుక్కలు ముందే ఆగిపోతోంది.

ముందు పెన్నును అనుమానించాను.

కంప్యూటరులో పెన్ను అంటే జేబులోంచి తీసి విదిలించేది కాదు. "న్యూ పెన్" అని రాసి పుట్టించుకోవాలి. రంగు చెప్పాలి, మందం చెప్పాలి, గీత కొసలు గుండ్రంగా ఉండాలో చదరంగా ఉండాలో చెప్పాలి. ఆ తరువాత "డ్రాలైన్" అని, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో నాలుగు అంకెలివ్వాలి. పని అయ్యాక "డిస్పోజ్" అని సాగనంపాలి. విండోస్‌లో బొమ్మలు గీసే పాత పద్ధతి, జీడీఐ రోజుల్లో ఈ మర్యాదలు ఇంకా ఎక్కువ. కొత్త పెన్ను చేతికిస్తే విండోస్ పాత పెన్ను తిరిగిచ్చేది. దాన్ని జాగ్రత్తగా దాచి, గీత అయ్యాక మళ్లీ దాని చేతిలో పెట్టి, మన పెన్నును మనమే చంపుకోవాలి. నా మొదటి ఉద్యోగంలో ప్రతి గీతకూ ఒక పెన్నును పుట్టించి, చంపడం మరిచిపోయాను. విండోస్ ఒక ప్రోగ్రాముకు మామూలుగా ఇలాంటి సామాను 10,000 దాకానే ఇస్తుంది. మధ్యాహ్నం భోజనాల వేళకు నా పదివేలూ అయిపోయేవి. బొత్తాలు నల్లబడేవి, బొమ్మలు సగంలో ఆగేవి, అందరూ నావైపు చూసేవారు.

రెడీమేడ్ పెన్నులు కూడా ఉన్నాయి. "పెన్స్ డాట్ బ్లాక్" అంటే నల్ల పెన్ను వస్తుంది. కాకపోతే దాని మందం మార్చబోయామా, ప్రోగ్రాము అక్కడికక్కడే అలిగి ఆగిపోతుంది. బ్యాంకులో దారం కట్టి పెట్టిన పెన్నుది ఇదే జాతి. రాసుకో, లాగకు.

పెన్ను తప్పేం లేదు. తరువాత తెరను అనుమానించాను. బడిలో మనకు నేర్పిన లెక్కలో అంకె పెరిగితే గీత పైకి పోతుంది. తెర మీద కిందికి పోతుంది. సున్నా పై ఎడమ మూలన ఉంటుంది. పాత టీవీ గొట్టంలో ఎలక్ట్రాన్లు ఆ మూల నుంచే బొమ్మ మొదలుపెట్టి కిందికి దిగేవి. ఆ గొట్టాలు పోయాయి, ఆ మూల మిగిలింది. ఇది మరిచి మొదటి రోజు గీసిన పటాన్ని వాట్సాప్‌లో ఊరికి పంపాను. వెంటనే ఫోను.

"మన బాయి ఈశాన్యంల ఉండె గదరా. ఆగ్నేయానికి ఎట్ల పాయె? అగ్గి మూలకు నీళ్లు పెడ్తవా?"

పటాన్ని తిప్పి బావిని దాని మూలకు చేర్చాను. నాలుగు చుక్కలు అలాగే ఉన్నాయి. ప్రోగ్రాము కిటికీని కిందికి దించి పైకి తెస్తే గీతే మాయమైంది. తెరకు జ్ఞాపకం ఉండదు. మనం ఒకసారి గీసి ఊరుకుంటే అది మరిచిపోతుంది. కిటికీ తెరుచుకున్న ప్రతిసారీ "పెయింట్" అని ఒక కబురొస్తుంది, వచ్చినప్పుడల్లా మొదటి నుంచి మళ్లీ గీయాలి. సరే, అలాగే రాశాను. గీత తిరిగొచ్చింది, నాలుగు చుక్కల లోటుతో సహా.

ఇక మిగిలింది మందం. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే మా ఊరి పేరే గట్టు.

గీతకు పొడవే తప్ప వెడల్పు లేదన్నాడు యూక్లిడ్. ఆ మహానుభావుడికి చేను లేదని ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది. గద్వాల కింద, రాయచూరు అంచున ఉన్న మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు, గీత అంటేనే వెడల్పు. పొడవు గురించి కొట్టుకున్నవాణ్ని నేనింతవరకూ చూడలేదు. గెట్టు పంచాయితీలన్నీ వెడల్పు గురించే. మూడడుగుల గట్టుంటుంది. దాని మీద మొలిచిన గడ్డి ఎవరిది? కంది చెట్టు వేస్తే కాయలు ఎవరివి? ఎవరి ఎద్దు మేయాలి, ఎవరి మేక మేయకూడదు? మేకకు ఈ గొడవ తెలియదు, అందుకే హాయిగా మేస్తుంది.

ఆ మూడడుగులు ఏటా మూడడుగులే ఉంటాయా? ఉండవు. దున్నేటప్పుడు కర్రు కొంచెం పక్కకు ఒరుగుతుంది. జానెడు గట్టు చేనులో కలుస్తుంది. అవతలివాడు అరుస్తాడు. "ఎద్దు బెదిరింది మామా, నేనేం జేసేది?" అంటాడు ఇవతలివాడు. మా ఊళ్లో ఒక ఎద్దు ఉండేది. ఏటా తొలకరికి, అదే చోట, అదే పక్కకు బెదిరేది. మిగతా ఏడాదంతా లారీ హారను కొట్టినా చెవి కదిపేది కాదు. ఇప్పుడు ఎద్దులు పోయాయి, సాకు మాత్రం ఉంది. "ట్రాక్టరు డ్రైవరు కొత్తోడు." హద్దురాళ్ల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. వాటికి రాత్రిపూట కాళ్లొస్తాయి.

ఇదంతా ఆ పెన్నును తయారుచేసినవాళ్లకు తెలిసినట్టే ఉంది. పెన్నుకు "అలైన్‌మెంట్" అని ఒక గుణం పెట్టారు. మందంగా గీసినప్పుడు ఆ మందం ఎవరి పక్క పడాలి? నడిమిన, లోపల, బయట, ఎడమ, కుడి అని ఐదు రకాలిచ్చారు. లోపలంటే నా మందాన్ని నా చేనులోనే గీసుకుంటాను అని. అటువంటి రైతును నేను చూడలేదు. బయట అంటే గట్టంతా పక్కవాడి చేనులోనే అని. అటువంటివాళ్లను చాలామందినే చూశాను. సంతోషంగా "బయట" అని రాశాను. ప్రోగ్రాము కిక్కురుమనకుండా తీసుకుంది. గీసేటప్పుడు మాత్రం నడిమినే గీసింది. చదివి చూస్తే తేలిందేమిటంటే, ఈ ఐదింటిలో పనిచేసేవి రెండే, నడిమిన, లోపల. మిగతా మూడూ ఏది అడిగినా నడిమిన కిందే లెక్క. అర్జీ పుచ్చుకుని, "సరే చూద్దాం" అని, మునుపున్నట్టే ఉంచడం! దీన్ని రాసినవాడు ఎక్కడో ఏళ్ల తరబడి పంచాయితీలు చేసి ఉండాలి.

నడిమిన కూడా అంత తేలికేం కాదు. మూడు చుక్కల పెన్నుకు నడుమ ఉంది. రెండు చుక్కల పెన్నుకు ఏది? గీత ఒక చుక్క ఎటో ఒక పక్కకు జరగాల్సిందే, ఒక కొడుకు నష్టపోవాల్సిందే. మూడడుగుల గట్టు 330 అడుగుల పొడవునా పోతే 990 చదరపు అడుగులు. గుంటంటే 1,089. అంటే గుంటకు ఇంచుమించు. ఈ లెక్క చిన్నాయనకు చెప్పడమే నేను చేసిన రెండో తప్పు. "గెట్టుకే గుంట పోతదా!" అని ఆయన ఆ పూట అన్నం సరిగ్గా తినలేదట.

ఇది చేల సంగతి. దేశాల పెన్నులు ఇంకా లావు. 4,000 వంతులకు కుదించిన పటం మీద అర మిల్లీమీటరు గీత నేల మీద 2 మీటర్లవుతుంది. ఆ గీత కింద నిలబడినవాడు ఎవరి మనిషి? మా తాత హైదరాబాదు రాజ్యంలో, రాయచూరు జిల్లాలో పుట్టాడు. 1956 నవంబరు 1న ఎవరో ఒక గీత గీస్తే గద్వాల, ఆలంపూరు తాలూకాలు రాయచూరును వదిలి మహబూబ్‌నగర్‌లో పడ్డాయి, ఆయన ఆంధ్రప్రదేశ్ మనిషయ్యాడు. మా నాయన 2014లో తెలంగాణ మనిషయ్యాడు, 2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల జిల్లావాడయ్యాడు. ఇద్దరూ తమ చేను దాటి కదిలింది లేదు. గీతలే వాళ్ల మీదుగా నడుచుకుంటూ పోయాయి. అంత పెద్ద గీతలకు వాళ్లిద్దరూ గొంతెత్తలేదు గానీ, జానెడు గట్టుకు మాత్రం గొడ్డళ్లు లేచేవి.

ఎక్కడున్నాను? నాలుగు చుక్కల దగ్గర. మూడు చుక్కల పెన్ను ఎంత ఒరిగినా ఒకటో రెండో తేడా వస్తుంది, నాలుగు రాదు. మందాన్నీ వదిలేశాను.

ఆఖరి అనుమానం ఏటవాలు మీద. చేను మధ్యలోంచి బండి బాట ఒకటి ఏటవాలుగా పోతుంది. తెర మీద ఏటవాలు గీత అంటూ నిజానికి ఉండదు, మెట్లే ఉంటాయి. ఏ చుక్కను నింపాలి, ఏది వదలాలి అన్నది 1962లో ఐబీఎంలో బ్రెసెన్‌హామ్ అనే ఆయన తేల్చాడు. నిజం పెన్ను పట్టుకుని కాగితం మీద గీసే ప్లాటరు యంత్రం కోసమన్నమాట. భాగహారాలు లేవు, కూడికలూ తీసివేతలే. ఒక్కో అడుగు ముందుకేస్తూ, అసలు గీత నుంచి ఎంత జరిగామో చూసుకో. సగం దాటితే ఒక మెట్టు ఎక్కు, దాటకపోతే నేరుగా పో. తాగి ఇంటికి పోయేవాడి లెక్క కూడా ఇదే, కాకపోతే బ్రెసెన్‌హామ్ ఇల్లు చేరుకుంటాడు.

మెట్లు బాగాలేవని నునుపు చేయించాను. పక్కన బూడిద రంగు చుక్కలు పడ్డాయి, దూరం నుంచి గీత నున్నగా కనిపించింది. చిన్నాయన ఫోటో పెద్దది చేసి చూశాడు.

"నల్లవి గెట్టు. ఈ బూడిదవి ఎవరియిరా? సర్కారువా?"

నునుపు తీసేశాను. ఊళ్లో మగ్గం నేసే మిత్రుడికి ఈ మెట్ల గోడు చెప్పుకుంటే నవ్వాడు. గద్వాల చీర అంచు మీది కుంభం బొమ్మంతా మెట్లేనట. గ్రాఫు గడిలో పోగు ఉంటే ఉంది, లేకుంటే లేదు, బూడిద పోగు అనేది లేదట. "హద్దు గురించి నీకెందుకన్నా అంత కష్టం? మేం రోజూ నేస్తలేమా?" అన్నాడు. మూడు నాడెలాడిస్తారు. ఒళ్లు నూలు, అంచు పట్టు. హద్దు దగ్గర నూలు పోగూ పట్టు పోగూ ఒకదాన్నొకటి పట్టుకుని, తమ తమ వైపులకు మళ్లిపోతాయి. పట్టుకోవడం మరిచిపోతే అంచు ఊడి చేతికొస్తుంది. వాళ్ల గీతకు మందం లేదు. యూక్లిడ్ గద్వాలలో పుట్టి ఉంటే రైతు ఇంట కాదు, నేతగాడి ఇంట పుట్టి ఉండేవాడు.

నిన్న రాత్రి ప్రోగ్రాము మొత్తం వరుస వరుసగా మళ్లీ చదివాను. తప్పు లేదు. పెన్ను సరిగ్గా ఉంది, మూల సరిగ్గా ఉంది, కూడికలు సరిగ్గా ఉన్నాయి. అప్పుడు తీశాను నా కొలతల కాగితం. టిపన్‌లో చిన్నాయన చేను 528 అడుగులు. గట్టు దాకా నేను టేపు పట్టి కొలిచింది 524. దక్షిణాన ఆయన చేనుకు ఆనుకుని ఉన్నది మా చేను.

ఏటా తొలకరికి బెదిరిన ఆ ఎద్దు మా నాయనది.

నాలుగడుగులు, 330 అడుగుల పొడవున. గుంట పైచిలుకు. ఆ గట్టు గురించి అన్నదమ్ములిద్దరూ ఏడేళ్లు మాట్లాడుకోలేదు. మా ఇంట్లో మేం విన్నది మా నాయన చెప్పినదే. చిన్నాయన ఊరికే నింద మోపుతున్నాడని నమ్మి పెరిగాను, ఆ ఏడేళ్లూ ఆయన ఎదురైతే తల తిప్పుకుని పోయాను. ఎనిమిది రోజులుగా ప్రోగ్రాము నాకు నిజం చెబుతుంటే, దాని తప్పులు వెతుకుతూ కూర్చున్నాను.

రాత్రే టిపన్ హద్దును మా చేనులోపల నాలుగు చుక్కల దూరాన తెగుగీతగా గీసి పంపాను. ఫోను రావడానికి చాలాసేపు పట్టింది.

"ఆ తెగిపోయిన గీత ఏందిరా?"

"అసలు గట్టు అక్కడ ఉండాల చిన్నాయనా."

కాసేపు ఏమీ వినపడలేదు.

"నాకు తెల్వదా ఏంది," అన్నాడు. "తీసెయ్ దాన్ని. పిల్లగాండ్లు చూస్తరు."

తీసేయడానికి ఒక వరుస చెరిపితే చాలు. చెరిపాను. కాసేపటికి మళ్లీ రాశాను. మళ్లీ చెరిపాను. తెల్లారి ఫోను మోగేసరికి అది ఉందో లేదో నాకే గుర్తు లేదు.

"ఏమిరా, అయ్యిందా?"

"అయిపోవచ్చింది చిన్నాయనా."