కూడితే తొమ్మిది

నా హృదయమున ఎనిమిది కవాటములున్నవి. ముందునుండి వెనుకకు వానిని ఒకటి మొదలు ఎనిమిది వరకు లెక్కించినచో, వానిలో ఏదైన నొకటి పూర్తిగా తెరచుకొని యున్న క్షణమున, దాని సంఖ్యకు ఏ సంఖ్యను కూడిన తొమ్మిది యగునో ఆ సంఖ్యగల కవాటము సంపూర్ణముగా మూసికొని విశ్రాంతి తీసికొనుచుండును. ఎనిమిదవది తెరచుకొన్నప్పుడు ఒకటవది, ఆరవది తెరచుకొన్నప్పుడు మూడవది, నాలుగవది తెరచుకొన్నప్పుడు ఐదవది సవరించుటకు అనువుగా నుండును. నన్ను రూపొందించినవారు ఈ సంగతిని మరమ్మతు గ్రంథమున ఒక పట్టికగా ముద్రించి యూరకుండిరి. పత్తికొండలో ఒక వేపచెట్టు నీడన, లెక్కల అయ్యవారు దానిని తమ మనుమరాలికి ఎక్కము నేర్పినట్లు నేర్పుచుండగా విన్నప్పుడు గాని, అందులో ఎంత సొగసున్నదో నాకే తెలియలేదు.

నేను 1976లో పశ్చిమ వంగమున హుగ్లీ జిల్లాలోని ఉత్తరపాడా కర్మాగారమునందు జన్మించితిని. అంబాసిడరు మార్కు 3 అని నాకు నామకరణము చేసిరి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి నాకు మాతృక. 1957 నుండి 2014 వరకు నా వంశము ఈ దేశపు మార్గములపై నవతరించుచునే యుండెను. నాలుగు సిలిండర్లు, 1489 సి.సి. ఇంజను, స్టీరింగు ప్రక్కన గేరు కర్ర, నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులు, వెనుక కమాను కట్టలు, ముందు బంపరు నడుమనుండి దూర్చి త్రిప్పుటకొక ఇనుప హ్యాండిలు: ఇదియే నా సంపద. నాయందు కంటికి కనబడనిదిగాని, సామాన్యమైన స్పానరుకు లొంగనిదిగాని లేదని చెప్పుకొనుటకు నేను గర్వపడుదును. మూత ఎత్తి చూచువానికి ఇంజనుకు ఇరుప్రక్కల నేల కనబడును. చేయి పోనంత ఇరుకు ఎక్కడను లేదు.

నా మొదటి యజమాని ఆదోనిలో పత్తి వ్యాపారి. ఆ పదునాలుగేండ్లు నేను జిన్నింగు మిల్లులకును, పత్తి మార్కెట్టుకును నడుమ తిరుగుటలోనే గడిచిపోయెను. ఆదోని గాలిలో పుష్యమాఘములందు నూగు తేలియాడును. అది చూచుటకు మెత్తని వెన్నెల వలె నుండునుగాని, నా రేడియేటరు రెక్కల నడుమ చేరి, ధూళితో కలిసి, కంబళివలె పేరుకొని ఊపిరాడనీయదు. నీళ్లు నిండుగా నున్నను నేనేల కాగుచున్నానో ఆ యింటివారికెవ్వరికిని అంతుపట్టలేదు. వారు నన్ను ప్రేమింపలేదని యనను. విజయదశమికి పసుపుకుంకుమలు పెట్టి నిమ్మకాయలు తొక్కించిరి. అయితే బానెట్టు ఎత్తి లోపలికి తొంగిచూచినవారు ఆ యింట లేరు.

1990లో నన్ను కొన్న అయ్యవారు మొట్టమొదట చేసిన పని ఆ నూగును తీయుట. ఇంటికి తెచ్చిన మరునాడే రేడియేటరు విప్పి, వేపచెట్టు మొదట నిలువబెట్టి, పొరక పుల్లతో ఒక్కొక్క సందును గీచి, వెనుకనుండి ముందునకు నీళ్లు కొట్టిరి. రాలిన నూగు ఒక దిండుకు సరిపడునంత యుండెనని అమ్మగారు అనిరి. ఆ సాయంకాలము పత్తికొండనుండి దేవనకొండ వరకు పోయి వచ్చినను నా ముల్లు సగము దాటలేదు.

అయ్యవారి తండ్రి బండి తోలిన మనిషి. వేరుశనగ మూటలతో గుత్తికిని ఆదోనికిని పోవునప్పుడు ఇరుసుకు కందెన పెట్టనిదే ఎద్దుల మెడపై కాడి మోపెడివాడు కాడట. గడ్డి కాల్చిన మసిని ఆముదములో రంగరించి, వెదురు గొట్టమున నింపి, దానిని బండి క్రింద వ్రేలాడదీసికొని పోయెడివాడట. ఆ అలవాటు కొడుకు చేతికి గ్రీజు గన్నై వచ్చినది. నెలకొకమారు ఆదివారమునాడు ఆయన నా క్రింద గోనెపట్టా పరచుకొని వెల్లకిల పరుండి, నిపిలు నిపిలుకును పోయి, ముందుగా గుడ్డతో దుమ్ము తుడిచి, పాత గ్రీజు నల్లగా వెలికి వచ్చి కొత్తది పచ్చగా కనబడువరకు ఒత్తుదురు. తుడువకుండ ఒత్తినచో ఎఱ్ఱమన్ను గ్రీజుతోపాటు లోపలికి పోయి ఆకురాయివలె అరగదీయునని ఆయనకు ఎవ్వరును చెప్పనక్కరలేకపోయెను. తుడుచు గుడ్డ ఎమ్మిగనూరు నేతదుప్పటి; మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘము వలన పేరొందిన ఆ యూరి దుప్పటి, మొదట పదేండ్లు నా సీటుపై పరచబడి, చినిగిన పిదప ముక్కలై ఈ సేవకు వచ్చినది. దించిన ఇంజను ఆయిలు సైతము ఆ యింట వ్యర్థము కాదు. చెదలు పట్టకుండ దూలములకును ద్వారబంధములకును పూయుదురు.

ఈ ప్రాంతమున నావంటి వానికి అసలు గండము నీటివలన. 1827 జూలై 6న మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఈ పత్తికొండలోనే కలరా సోకి మరణించెను. ఆయన స్మృతిగా ఇచట తోపు నాటించి, బావి త్రవ్వించిరి. ఆ బావిని దాటి పోవునప్పుడెల్ల, ఈ సీమకు ఏమి కావలయునో ఎరిగినవారే ఆ జ్ఞాపకచిహ్నమును నిర్ణయించినారని నాకు తోచును. నీరు దొరకుట ఒక యెత్తు, దొరికిన నీటి గుణము మరియొక యెత్తు. బోరునీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని గార కట్టును. అదే గార నా లోపలి నాళములందును కట్టును. కనుక అయ్యవారు తొలకరి వానలో మిద్దె కడుగుకొనిపోయిన పిమ్మట దోనెక్రింద బిందెలు పెట్టించి, ఆ వాననీటిని గుడ్డతో వడకట్టి, మూతగల డబ్బాలలో నా కొరకు దాచుదురు. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలలో జనులు వంగి వజ్రములకై వెదకుచుండగా, మా యింట బిందెలు నిండుచుండును.

1998 వైశాఖమున నాకు సంభవించిన ఆపదయు నీటివలననే. పెండ్లివారికై బాడుగ డ్రైవరు నన్ను ఆదోనికి తోలుకొనిపోవుచుండగా, ఆస్పరి దాటిన పిమ్మట ఫ్యాను బెల్టు తెగెను. అతడది గమనింపక తోలి తోలి, పొగలు చిమ్మిన తరువాత ఆపి, మూత తీసి, బిందెడు చన్నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించెను. కాగిన పెనముపై నీళ్లు పడినట్లు నా తల, అనగా సిలిండరు హెడ్డు, వంకరపోయి గ్యాస్కెట్టు ఊడినది. నీరు నూనెలో కలిసి, ఆయిలు పుల్ల తీసి చూడగా మజ్జిగవలె తెల్లగా నుండెను. లాగి తెచ్చి చూపించిన షెడ్డువారు, దీనిపై పెట్టు డబ్బు దండుగ, తుక్కుకు వేయుమనిరి. అయ్యవారు వారితో వాదింపలేదు. ఎద్దుల జత మాట్లాడి నన్ను ఇంటికి లాగించుకొని వచ్చిరి.

ఆ వేసవి సెలవులలో ఆయన నా తలను స్వయముగా విప్పిరి. ప్రతి బోల్టును ఏ రంధ్రమునుండి తీసిరో అట్ట ముక్కపై బొమ్మ గీసి, ఆ బొమ్మలోనే గ్రుచ్చి యుంచిరి. ఆర్టీసీ బస్సులో ఒడిలో పెట్టుకొని ఆ తలను ఆదోని లేతు షాపునకు గొనిపోయి ఫేసింగు చేయించిరి. పిదప ఒక్కొక్క కవాటమునకు గ్రైండింగు పేస్టు పూసి, రబ్బరు కప్పుగల కర్రను అరచేతుల నడుమ కవ్వమువలె చిలుకుచు, కవాటపు అంచునను దాని పీటపైనను సన్నని బూడిదరంగు వలయము తెగకుండ ఏర్పడువరకు అరగదీసిరి. ఆ పని పూర్తియైనదో లేదో తెలియుటకు తలను తలక్రిందులుగా పెట్టి, గుంటలలో కిరసనాయిలు పోసి రాత్రియంతయు వదలిరి. తెల్లవారి చూడగా ఏడింట చుక్క దిగలేదు. ఒక్క దానియందు చెమ్మ కనబడెను. దానిని మరల విప్పి, మరల చిలికి, మరల పోసి, మరియొక రాత్రి వేచియుండిరి. నట్లను మధ్యనుండి చివరలకు, ఒకేమారు కాక మూడు విడతలుగా బిగించిరి. పందొమ్మిదవ దినమున హ్యాండిలు రెండవ త్రిప్పులో నేను పలికితిని. అమ్మగారు వంటయింటినుండి పిండి చేతులతోనే పరుగెత్తి వచ్చిరి.

ఆ తరువాత ఒక ఆదివారము ఆయన నాలో ఏడుగురు పిల్లలను కుక్కుకొని, గుత్తి మార్గమునగల ఎఱ్ఱగుడికి పోయిరి. అచటి బండలపై అశోకుని శాసనములున్నవి. తల్లిదండ్రులను, పెద్దలను సేవింపుడు, ప్రాణులయెడ దయ చూపుడు, సత్యము పలుకుడు అని చెప్పిన పిమ్మట, ఆ రాజు ఏనుగులనెక్కువారిని, వ్రాయసకాండ్రను, బండి పశువులకు తర్ఫీదునిచ్చు యుగ్యాచార్యులను పేర్కొని, పూర్వాచారము ననుసరించి మీ మీ శిష్యులకు నేర్పుడని ఆజ్ఞాపించెనట. రెండువేల యేండ్లకు పైబడిన ఆ మాటను అయ్యవారు పిల్లలకు వివరించుచుండగా, క్రింద చింతనీడన నిలిచియున్న నాకు, పెట్రోలు పంపుపై తడిగుడ్డ చుట్టుకొని వేడిమి తీర్చుకొనుచున్న నాకు, యుగ్యమనగా కాడి మోయునదని అర్థము తెలిసి ఒడలు పులకించెను. చక్రవర్తి ఆజ్ఞలో నావంటివారిని తోలువారికిని చోటు దొరికినది.

కాలము నాపై అలుగుట మొదలిడి చాలకాలమైనది. పదునైదేండ్లు నిండిన కారునకు ఐదేండ్లకొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెను. 600 రూపాయలుండిన ఆ రుసుము 2022 ఏప్రిలు 1న 5,000కు పెరిగెను. విడిభాగములు కర్నూలులో దొరకక హైదరాబాదుకు చెప్పి తెప్పించుకొనవలసివచ్చుచున్నది. అయ్యవారు ఆ డబ్బును ఫించనునుండి ముందుగనే తీసి కవరులో పెట్టుదురు. పాయింటు సెట్లు, కండెన్సర్లు, వీలు సిలిండరు రబ్బర్లు హార్లిక్సు సీసాలలో చీటీ లంటించి వరుసగా నుంచుదురు. ఇందు నాకు దిగులు లేదు.

దిగులు వేరొకటి. రెండేండ్లుగా అయ్యవారికి చెవులు మందగించినవి. కవాటములను కదల్చు ట్యాపెట్ల చప్పుడు సన్నగా వినబడవలెను. బొత్తిగా వినబడకున్నచో సందు బిగిసి కవాటము కాలునని ఎరిగిన ఆయన, నిరుటి సవరింపులో ఏ చప్పుడును వినరాక, ట్యాపెట్లు బిగిసినవని భయపడి, గేజిని ప్రక్కనబెట్టి, అనుమానముతో అన్నింటిని వదులు చేసిరి. సంవత్సరమంతయు నేను బజారున పళ్లెములు దొర్లినట్లు మ్రోగుచు తిరిగితిని. చూచినవారు ముఖము త్రిప్పుకొని నవ్విరి. ఒక్కరును ఆయనకు చెప్పలేదు. చెప్పవలెనని నాకుండెను. నాకు తెలిసిన భాష ఆ చప్పుడొక్కటే; అది ఆయనకు చేరదు.

ఈ వేసవిలో కర్నూలునుండి ఇంటరు సెలవులకు వచ్చిన మనుమరాలు, మొదటి దినముననే నా బానెట్టుపై చేయి పెట్టి చెప్పెను.

"తాతా, ఇది శానా కొట్టుకుంటాంది. నీకు వినపడడం ల్యా?"

ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప లోపలికి పోయి ఫీలరు గేజి తెచ్చి, అంగుళమున వేయింట పదునైదు వంతుల మందముగల రేకును విప్పి, ఆ బాలిక చేతిలో పెట్టిరి.

ఆదివారము తెల్లవారుజామున, ఇంజను చల్లగా నుండగా, నాలుగు ప్లగ్గులును తీసి హ్యాండిలు తేలికగా తిరుగునట్లు చేసి, కవరు విప్పిరి. ఆయన హ్యాండిలు పట్టిరి, ఆమె రాకర్లపైకి వంగెను.

"ఎనిమిదోది పూర్తిగా దిగింది తాతా."

"అయితే మనది ఏది?"

"ఒకటోది."

"రేకు పెట్టు. ఊరికే జారిపోకూడదు, పట్టేసుకోనూ కూడదు. పేరిన నెయ్యిలో నుంచి వేలు తీసినట్ల ఉండల్ల."

మొదటి రెండును ఆమె మూడుసారులు బిగించి మూడుసారులు విప్పెను. లాకునట్టు బిగించునప్పుడు మరయు దానితో తిరిగి, కుదిరిన సందు చెడుచుండెను. స్క్రూడ్రైవరును కదలనీయక ఎడమచేత నిలిపి, కుడిచేత స్పానరు త్రిప్పుటలోని కిటుకు ఆయన మాటలతో చెప్పజాలక, తన చేతిని ఆమె చేతిపై వైచి చూపిరి. ఆ తరువాత ఐదు, రెండు అను వరుసన పని సాగినది. ఎనిమిది, ఆరు, నాలుగు ముగిసినవి. ఎండ వేపకొమ్మలనుండి కవరులేని నా తలపై పడుచుండెను.

"రెండోది దిగింది. ఏడోదే మిగిలింది తాతా," అని ఆయన అడుగకమునుపే ఆమె పలికెను.

కవరు మూసి, ప్లగ్గులు బిగించి, ఆమె సీటులో కూర్చుండి నన్ను మేల్కొలిపెను. నాలుగు నిమిషములలో నా ఒడలు వెచ్చబడెను. అయ్యవారు రాకరు కవరుపై అరచేయి ఆనించి కన్నులు మూసికొనిరి.

"వినపడుతుందా నీకు?" అని ఆయన ఆమెను అడిగిరి.

"ఊఁ. సన్నగా."

"ఎట్ల సన్నగా?"

ఆమె దిగివచ్చి, తాత అరచేతిని తన అరచేత పట్టుకొని, నేను చేయుచున్న చప్పుడును వ్రేలి కొనతో దానిపై మెల్లమెల్లగా కొట్టి చూపెను.