పూల బీరుకి పెడసరి సలహాలు

బీరు రుచి చూడటం ఎలాగో నేర్పే పుస్తకాలన్నీ ఇంచుమించు ఒకే పాఠం చెబుతాయి. చల్లగా ఉండాలి, గాజు గ్లాసులో పోయాలి, వెలుతురుకి ఎత్తి రంగు చూడాలి, నురగ ఎంతసేపు నిలిచిందో గమనించాలి, గ్యాసు పోకముందే ముగించాలి. లాగర్‌కి ఈ పాఠం చక్కగా సరిపోతుంది. స్కాట్లాండు కొండల మీద పూసే హెదర్ పూలతో చేసిన లేత బంగారు రంగు ఏల్‌కి మాత్రం ఇందులో ఒక్క ముక్కా పనికిరాదు. గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో చదువుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ, దుకాణం అరలో ‘ఫ్రూఖ్’ అనే సీసా చూసి కొనాలా వద్దా అని తటపటాయిస్తున్న తెలుగువాళ్ళ కోసం ఈ సలహాలు. పుస్తకాలు చదివినవాళ్ళకి ఇవి పెడసరిగా తోస్తాయి. తోచనివ్వండి, నేను మాత్రం మనసారా నమ్మే చెబుతున్నాను.

ముందు సరుకేమిటో తెలియాలి. ఫ్రూఖ్‌ని చేసేది అలోవా ఊళ్ళోని విలియమ్స్ బ్రదర్స్ అనే బ్రూవరీ. బార్లీ మాల్టుని వేడినీళ్ళలో నానబెట్టి తీసిన తియ్యటి రసాన్ని మరిగిస్తూ అందులో హెదర్ పూలు, బాగ్ మర్టిల్ ఆకు వేస్తారు. కాస్త చల్లారాక ఆ వేడి రసాన్ని తాజా హెదర్ పూలు నింపిన తొట్టిలోకి వదిలి గంటసేపు ఊరనిస్తారు. ఈస్టు వేసి పులియబెట్టేది ఆ తరవాతే. రెండుసార్లు పూలెందుకంటే, మరిగే రసంలో పడ్డ పూల సువాసన చాలావరకు ఆవిరితో పోతుంది, చేదూ వగరూ మిగులుతాయి. ముక్కుకి తగిలేది ఆ గంటసేపు ఊరిన పూలదే. ఆల్కహాలు 5 శాతం.

బాగ్ మర్టిల్ చిత్తడి నేలల్లో పెరిగే పొద. ఆకు దగ్గరగా పెట్టుకుని చూస్తే సన్నటి పసుపు చుక్కలు కనిపిస్తాయి. అవి సువాసన తైలం ఉండే గ్రంథులు. వేళ్ళ మధ్య నలిపితే ఘాటు గుప్పుమంటుంది. ఆ తైలంలో సినియోల్ అనే పదార్థం ఉంది. నీలగిరి తైలంలో ప్రధానంగా ఉండేదీ, మన యాలకుల్లో దండిగా ఉండేదీ అదే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

మొదటి సలహా: చల్లగా తాగకండి. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గరున్న సీసా తీసి వెంటనే నోట్లో పోసుకుంటే మీకు తెలిసేది చలి ఒక్కటే. వాసన అంటే ద్రవంలోంచి లేచి ముక్కుదాకా వచ్చే అణువులు. చలికి అవి లేవవు, నాలుక కూడా మొద్దుబారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పులిహోర ముద్దలో ఇంగువ వాసన ఎక్కడికి పోయిందో, పూల వాసన కూడా అక్కడికే పోతుంది. బ్రిటన్ పబ్బుల్లో పీపా ఏల్‌ని 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఇస్తారు. మీరు ఇంకో రెండు డిగ్రీలు పైకి వెళ్ళండి. సీసా తీసి బల్లమీద పెట్టి, అన్నం వండుకుని, వంటిల్లు సర్దుకుని, అప్పుడు మూత తీయండి. స్కాట్లాండు వాతావరణంలో మీ గదే మీకు సాయం చేస్తుంది.

రెండోది విని బీరు ప్రేమికులు నొచ్చుకుంటారు. స్టీలు గ్లాసులో పోయండి. సామాన్ల పెట్టెలో అమ్మ పెట్టి పంపిన గ్లాసు ఉంటుందిగా, అదే. లేత బంగారు రంగు కంటపడగానే మెదడు ‘లాగర్’ అని తీర్పు చెప్పేస్తుంది. అక్కణ్ణించి నాలుక లాగర్‌నే వెతుకుతుంది, దొరక్కపోతే బీరు బాగాలేదంటుంది. కన్ను ముక్కుని ఎంత మోసం చేస్తుందో బోర్డో విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగం చూపించింది. తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి 54 మంది వైన్ విద్యార్థులకి ఇస్తే, వాళ్ళు ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే దాని వాసన వర్ణించారు. ఆ ఫలితాలు 2001లో అచ్చయ్యాయి. చదువుకున్న ముక్కులకే ఆ గతి పడితే మనమెంత! స్టీలు గ్లాసులో రంగు కనపడదు. పైగా అరచేతి వేడి లోహంలోంచి త్వరగా లోపలికి చేరుతుంది, మొదటి సలహా దానంతటదే అమలవుతుంది. ఒక్క జాగ్రత్త: మజ్జిగ తాగే గ్లాసైతే అంచు కింద వేలితో రుద్ది వాసన చూడండి. పాల వాసన తగిలితే వేడినీళ్ళతో మళ్ళీ కడగండి.

నురగ సంగతి అసలు పట్టించుకోకండి. మామూలు బీరులో నురగని నిలబెట్టేది మాల్టులోని ప్రోటీన్లూ, మరిగిన హాప్స్ అనే చేదు పూలలోంచి వచ్చే ఆమ్లాలూ కలిసి. హాప్స్‌కి పెద్దపీట వేయని బీరులో ఆ రెండో చెయ్యి బలహీనంగా ఉంటుంది. నురగ తొందరగా కూలిందని సీసా పాతదనో నాసిరకమనో అనుకుంటే ఆ తప్పు మనదే.

హాప్స్ మాట వచ్చింది కాబట్టి ఒక అన్యాయం చెప్పాలి. బీరంటే హాప్స్ అని ఈరోజు అందరూ అనుకుంటారు. మధ్యయుగాల్లో ఇప్పటి బెల్జియం, నెదర్లాండ్స్, రైన్ నది ప్రాంతాల్లో బీరుకి రుచినిచ్చేది గ్రూట్ అనే మూలికల మిశ్రమం. అందులో ముఖ్యమైనది మన బాగ్ మర్టిలే. గ్రూట్ అమ్ముకునే హక్కు ప్రభువుల చేతిలో, బిషప్పుల చేతిలో ఉండేది. ఆ హక్కుతో సంపన్నమైన కుటుంబం బ్రూజ్ నగరంలో కట్టుకున్న గ్రూట్‌హుసె మహలు ఇప్పుడు మ్యూజియం. హాప్స్ బీరు ఎక్కువ రోజులు పాడవకుండా ఉంటుంది, దూరాలకి పంపొచ్చు, అందుకే గెలిచింది. 1516లో బవేరియా పాలకులు బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప బీరులో ఇంకేదీ వాడకూడదని శాసనం చేశారు. వ్యాపారపరంగా హాప్స్ గెలుపు న్యాయమైనదే కావచ్చు. కానీ గెలిచిన బీరుకి రాసిన కొలతలతో ఓడిన బీరుని కొలిచి మార్కులు వేయడం మాత్రం నాకు ఒప్పదు. ఘెంట్ నగరంలో అనిక్ డె స్ప్లెంటర్ 2009లో గ్రూట్ పేరుతోనే బ్రూవరీ పెట్టి మూలికలతో బీరు చేయడం మొదలుపెట్టారు. అటువైపు వెళ్తే అక్కడి బ్లాండ్ రకం కూడా ఇదే పద్ధతిలో రుచి చూడండి.

మూలికల బీరు మనకి కొత్తేమీ కాదు. హైదరాబాదు మైక్రోబ్రూవరీల్లో బెల్జియం పద్ధతి గోధుమ బీరు తాగినవాళ్ళు చాలావరకు ధనియాల బీరు తాగేసినట్టే. బెల్జియంలో అంతరించిపోయిన ఆ రకాన్ని 1960ల్లో హూగార్డెన్ ఊళ్ళో పియెర్ సెలిస్ మళ్ళీ నిలబెట్టాడు. ధనియాలూ నారింజ తొక్కా దాని ప్రాణం.

ఇప్పుడు యాలకుల దగ్గరికి వద్దాం. రుచి చూసేముందు చేతికి ఏ వాసనా ఉండకూడదని పుస్తకాలంటాయి. నేను చెప్పేది, ఒక యాలక్కాయ ఒలిచి గింజలు నలిపి వాసన చూడండి. ఒక్కసారే, దీర్ఘంగా. పదేపదే చూస్తే ముక్కు అలవాటుపడి ఆ వాసననే పట్టించుకోవడం మానేస్తుంది. తరవాత చేతులు కడుక్కుని రెండు మూడు నిమిషాలు ఆగి గ్లాసు ఎత్తండి. ముక్కుకి వెతకాల్సిన మనిషి ముఖం తెలిసింది కాబట్టి గుంపులోంచి పట్టేస్తుంది. మాల్టు తీపి వెనకాల చల్లగా, కాస్త కర్పూరం ఛాయలో తగిలేదే బాగ్ మర్టిల్.

పువ్వుని పట్టడం దానికంటే కష్టం. హెదర్ వాసన మెత్తనిది, తేనె వైపు మొగ్గుతుంది, మాల్టు తీపిలో కలిసిపోతుంది. దీనికి నా ఉపాయం ఇంకా పెడసరం: ముందు అర చెంచా హెదర్ తేనె తినండి. స్కాట్లాండు దుకాణాల్లో దొరుకుతుంది. గడ్డకట్టిన జెల్లీలా ఉండి, చెంచాతో తిప్పాకే జారుతుంది, అది దాని సహజ గుణం. తీపి తిన్న నాలుకకి బీరులోని తీపి ఆనదు. తీపి తెర తొలగితే పువ్వూ, దాని వెనక ఎండుగడ్డి లాంటి వగరూ విడిగా నిలబడతాయి. మొదటి గుక్క చప్పగా అనిపిస్తుంది, కంగారుపడకండి. నేను చెప్పేది రెండో గుక్క గురించి.

వైన్ రుచి చూసేవాళ్ళలా ఉమ్మేయకండి. చిన్న గుక్క తీసుకుని మింగి, నోరు మూసి, ముక్కుతో నెమ్మదిగా గాలి వదలండి. గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కే వాసనే మనం ‘రుచి’ అనుకునేదానిలో పెద్ద వాటా. మూలికల బీరులో సగం సంగతి అక్కడే తేలుతుంది.

నా సలహాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇప్పుడు చెబుతాను. సగం గ్లాసు తాగి మిగతా సగం మీద చిన్న పళ్ళెం మూతపెట్టి గంటసేపు వదిలేయండి. గ్యాసు పోయిన బీరుని పారబోయాలని నేర్పారు మనకి. గ్యాసంటే నీళ్ళలో కరిగి పుల్లగా మారే కార్బన్ డయాక్సైడు, నాలుకని చురుక్కుమనిపించేది అదే. లాగర్‌లో ఆ చురుకే సొగసు. ఇక్కడ అది పూల మాట వినపడనివ్వదు. గంట తరవాత మూత తీయగానే పళ్ళెం అడుగున చేరిన తేమ వాసన ముందు చూడండి, ఆ తరవాత గ్లాసు. చురుకు తగ్గి, చలి పోయి, బాగ్ మర్టిల్ చేదు నాలుక పక్కలకి నిదానంగా పాకుతుంది. ఈ ఏల్ గురించి తీర్పు చెప్పాలంటే ఆ గుక్క తరవాతే చెప్పండి.

కథలు విని తాగకండి. హెదర్ ఏల్ చుట్టూ పెద్ద కథ ఉంది. స్కాట్లాండులో పూర్వం ఉన్న పిక్ట్ జాతిలో ఆఖరున మిగిలిన తండ్రీకొడుకులు, తయారీ రహస్యం చెప్పమని వేధించే రాజు, రహస్యం దక్కించుకోవడానికి కొడుకునే సముద్రానికి బలిచ్చిన తండ్రి. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ దీన్ని 1890లో గేయకథగా ప్రచురించాడు. కథ గొప్పదే, కానీ అది తలలో ఉంటే ఏ నీళ్ళయినా అమృతంలా తోస్తాయి. గ్లాసు కడిగాక చదువుకోండి.

తిండి విషయంలో మన అలవాటు పూర్తిగా పక్కన పెట్టాలి. మిరపకాయ బజ్జీ, చికెన్ 65 దగ్గరికి రానివ్వకండి. కారం మంటని ఆల్కహాలూ గ్యాసూ రెండూ ఎగదోస్తాయి, ఆ మంటలో పువ్వు బతకదు. ఉప్పూ మిరియాలతో వేయించిన మటన్ ముక్క, అదీ రెండో సగంతో, చాలు.

ఒక్కచోట మాత్రం పుస్తకాల మాటే నా మాట. సీసా దాచుకోకండి. 5 శాతం ఆల్కహాలున్న లేత ఏల్ నిల్వ ఉంటే తడిసిన అట్టముక్క వాసన పడుతుంది. అలాగే, కొండమీద దొరికిన ఆకు కోసి ఇంట్లో బీరు చేసే ప్రయత్నం చేయకండి. పాతకాలపు గ్రూట్‌లో వాడిన మార్ష్ రోజ్‌మేరీలో విషం ఉంది. మొక్కని కచ్చితంగా గుర్తుపట్టలేనివాళ్ళకి అది ఆట కాదు.

ఆగస్టు వస్తే ఎడిన్‌బరో పక్కనున్న పెంట్‌లాండ్ కొండలు ఊదారంగు పూసుకుంటాయి. ఆ రోజుల్లో వెళ్ళండి. వేళ్ళతో పెరకకుండా ఒక రెమ్మ దగ్గర వంగి వాసన చూసి, ఆ సాయంత్రమే సీసా మూత తీయండి. రాత్రి 10 దాటితే స్కాట్లాండులో దుకాణాలు మద్యం అమ్మవు కాబట్టి ముందే కొని పెట్టుకోండి. అర లీటరు సీసా అంటే అక్కడి లెక్కలో రెండున్నర యూనిట్లు, వారానికి 14 మించవద్దని వైద్యాధికారుల సలహా. తాగాక కారు తీయకండి. ఇంగ్లండులో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాకా ఊరుకుంటారు, స్కాట్లాండులో 2014 డిసెంబరు నుంచి ఆ హద్దు 50.