మాట రాని బిడ్డకు వినకూడని సలహాలు

"వస నూరి నాలుకకు రాయి, మాటలు అవే వస్తయ్." నల్లగొండ పల్లెల్లో ఈ సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో చాలామందికి మింగడమే కష్టం. నోట్లో పెట్టింది ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. రాయకండి.

"మేనమామక్కూడ ఐదేండ్లకే మాటలొచ్చినయ్, ఆగుండ్రి." ఆగకండి, ముందు చెవులు పరీక్ష చేయించండి. పళ్లెం చప్పుడుకు తల తిప్పినంత మాత్రాన చెవులు బాగున్నట్టు కాదు. పెద్ద మోత వింటూనే "స" లాంటి సన్నని శబ్దాలు అందని పిల్లలున్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం పిల్లలను పరీక్షించడానికి అంగన్‌వాడీకి వచ్చిన రోజు బిడ్డను ఇంట్లో దాచకండి.

"దానికేం తెల్వది." అన్నిటికన్నా హాని చేసేది ఈ మాటే. అనేవాళ్లు బిడ్డ నోరొక్కటే చూస్తారు. గటక గిన్నె కనబడగానే కాళ్లాడించడం, చాలనిపిస్తే పెదాలు బిగించడం, చంక దిగనని కొంగు పట్టడం, ఇవన్నీ చెప్పడమే. చారిటీ రోలాండ్ 1990లో అమెరికాలో రూపొందించిన, బిడ్డ ఎట్లా చెప్తుందో కొలిచే కమ్యూనికేషన్ మాట్రిక్స్ అనే పరీక్షలో ఏడు మెట్లున్నాయి. మాటలు కూర్చి మాట్లాడడం ఏడోది. మొదటి మెట్టు మీది బిడ్డకు చెప్పాలన్న ఉద్దేశం కూడా ఉండదు. ఆకలైతే ఒళ్లు కదులుతుంది, దగ్గరున్నవాళ్లే పోల్చుకోవాలి. వద్దనడం, కావాలనడం, మనుషులతో కలవడం, సంగతి తెలుసుకోవడం: ఈ నాలుగింటికీ బిడ్డ ఏం చేస్తుందో రాసుకుంటే పరీక్ష సగం అయినట్టే.

మరి రాసేదెవరు? పాలమూరులో తల్లిదండ్రులు ముంబై, పుణె పనులకు వలసపోతే బిడ్డ అవ్వ దగ్గర పెరుగుతుంది. ఆ సైగలు తెలిసింది అవ్వకే. పండుగకొచ్చిన తల్లినో, తోడొచ్చిన మేనత్తనో అడిగి కాగితం నింపితే బిడ్డకున్న తెలివి అందులోకి రాదు. అవ్వను వెంట తీసుకెళ్లండి. ఆమె నడవలేకపోతే, అన్నం తినిపించేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం టీచరుకు చూపండి. బిడ్డను కూడా వలసకు తీసుకెళ్లేటట్టయితే అవ్వ చెప్పిన సైగలన్నీ చిట్టా రాసుకుని పొండి.

"బొమ్మలు చూపెడితే ఇంక మాట్లాడదు." శుద్ధ తప్పు. 2006లో మిల్లర్, లైట్, ష్లోసర్ బొమ్మలు, సైగలతో చెప్పడం నేర్పడంపై అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను వడపోస్తే, గట్టి ఆధారాలున్న 27 మందిలో ఒక్కరికీ మాట తగ్గలేదు. ఎక్కువమందికి పెరిగింది.

"అడగకముందే నోటికందియ్యి." ప్రేమతోనే చెప్తారు, కానీ అడిగే అవసరమే లేకపోతే బిడ్డ అడగడం ఎట్లా నేర్చుకుంటుంది? అరటిపండు ఒక చేత, బిస్కెట్ ఒక చేత ఎత్తి చూపండి. మనసులో పది లెక్కపెట్టేదాకా మాట్లాడకండి. చూపు ఎటు పోతే అది వెంటనే ఇవ్వండి.