నాలుగు గొంతులు

ఏలూరు పవర్‌పేటలో మా బాబాయి ఇంట్లో సంగీతమంటే త్యాగరాజస్వామిదే. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ వ్యాపారం జోరుగా సాగిన రోజుల్లో కూడా పుష్య బహుళ పంచమి వస్తోందంటే కొట్టు గుమాస్తాకి అప్పజెప్పి తిరువయ్యారు వెళ్లిపోయేవాడు. కావేరి ఒడ్డున వందలమంది విద్వాంసులు వరసల్లో కూర్చుని ఘనరాగ పంచరత్నాలు ఒక్క గొంతుతో పాడుతుంటే, వెనక ఎక్కడో ఓ మూల కూర్చుని తొడమీద తాళం వేసుకోవడంలో ఆయనకి దొరికే ఆనందం మరెక్కడా దొరికేది కాదు. కొన్నాళ్లు కొల్లేట్లో చేపల చెరువులు లీజుకి కూడా చేశాడు. 2006లో ప్రభుత్వం గట్లు కొట్టించేసరికి అది వదిలేశాడు. చేతికి ఎముక లేని మనిషి. ఏ ఊళ్లో నాలుగు డబ్బులు సంపాదిస్తే ఆ ఊరి గుడికో బడికో ఏదో ఒకటి ఇచ్చి గానీ వచ్చేవాడు కాదు.

వ్యాపారం పిల్లలకి ఒప్పజెప్పి ఇంటిపట్టున ఉంటుంటే, గూడెం ఎన్ఐటీలో చదివే మనవడు ఓ ఆదివారం ఫోను తెచ్చి ఆయన చెవి దగ్గర పెట్టాడు. హేండెల్ రాసిన ‘మెస్సయా’.

“ఇదీ మందంతా కలిసి పాడేదే తాతా. కాకపోతే అందరూ ఒకటే పాడరు. జాగ్రత్తగా విను.”

బాబాయి విన్నాడు. మొదట గోలగా ఉందన్నాడు. రెండోసారి తనే పెట్టమన్నాడు. ఆ తర్వాత ఫోను ఇచ్చిందీ లేదు, పుచ్చుకున్నదీ లేదు. మంచి స్పీకర్లు కొనుక్కుని హాల్లో పెట్టించుకున్నాడు.

ఆయన్ని కట్టిపడేసింది ఆ నాలుగు వరసల అల్లిక. ఆడవాళ్లలో పై గొంతు సొప్రానో, కింద గొంతు ఆల్టో. మగవాళ్లలో పైది టెనార్, అడుగున బేస్. ఎవరి వరస వాళ్లది. ఒకళ్లు అందుకున్న మాట ఇంకొకళ్లు రెండడుగులు వెనక అందుకుంటారు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకుని కొల్లేట్లో పడి, ఉప్పుటేరు దారిన ఒక్కటై సముద్రానికి పోయినట్టు, చివరికి నాలుగూ ఒకచోట కలిసేసరికి ఒళ్లు జలదరిస్తుంది. మన సంగీతం ఒక్క గొంతులో రాగాన్ని ఎంత లోతుకైనా తవ్వుతుంది. పది గొంతుల్ని పది దారుల్లో నడిపించే పని మాత్రం పెద్దగా పెట్టుకోలేదు. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ లాంటి వాళ్లు మద్రాసు యూత్ క్వయర్‌తో ఆ దారి వేశారు. ఆ దారిన నడిచినవాళ్లు తక్కువ. అది మన నష్టమని నేను గట్టిగా నమ్ముతాను.

ఎప్పుడు వెళ్లినా బాబాయి దగ్గర కొత్త కబురు ఉండేది. హేండెల్ రెండున్నర గంటల ఆ సంగీతాన్ని 1741లో 24 రోజుల్లో రాశాడు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో మొదటిసారి పాడినప్పుడు జనం ఎక్కువమంది పట్టాలని, ఆడవాళ్లని గుండ్రటి కమ్మీల గౌన్లు వేసుకురావద్దనీ, మగవాళ్లని కత్తులు ఇంటిదగ్గర పెట్టి రమ్మనీ ముందే చెప్పారు. వచ్చిన డబ్బుతో అప్పులు కట్టలేక జైల్లో పడ్డ 142 మందిని విడిపించారు. బాబాయికి అన్నిటికన్నా నచ్చింది ఈ చివరి ముక్క. “అదీ సంగీతమంటే!” అనేవాడు.

ఆ మీదట బాఖ్ ‘మాథ్యూ పాషన్’కి వెళ్లాడు. రెండు క్వయర్లు, రెండు ఆర్కెస్ట్రాలు. జనం మరిచిపోయిన దాన్ని మెండెల్‌సన్ ఇరవై ఏళ్ల వయసులో, 1829లో, బెర్లిన్‌లో మళ్లీ పాడించి బతికించాడు. బీథోవెన్ తొమ్మిదో సింఫనీ విన్నాడు. 1824లో దాన్ని మొదటిసారి వాయించినప్పుడు, చెవుడొచ్చిన బీథోవెన్‌కి చప్పట్లు వినపడక, పాడినామె ఆయన్ని జనం వైపు తిప్పాల్సొచ్చింది. ఇది చెప్తున్నప్పుడల్లా బాబాయి గొంతు పూడుకుపోయేది. 1910లో వెయ్యిమందికి పైగా కలిసి మ్యూనిక్‌లో పాడి వాయించిన మాహ్లర్ ఎనిమిదో సింఫనీ దాకా వెళ్లి, మళ్లీ ‘మెస్సయా’కే తిరిగొచ్చాడు. కొత్తగా వినేవాళ్లకి నేను చెప్పేదీ అదే. దానితో మొదలుపెట్టండి. ఒకసారి అంతా కలిపి వినండి, రెండోసారి అడుగున నడిచే బేస్‌ని ఒక్కదాన్నే పట్టుకుని వెళ్లండి.

ఒకే ఒక్క కోరిక మిగిలింది ఆయనకి. పెట్టెలోంచి కాదు, ఎదురుగా మనుషులు నిలబడి పాడుతుంటే వినాలి. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో 1876 నుంచీ దాదాపు ఏటా గుడ్‌ఫ్రైడేకి ‘మెస్సయా’ పాడతారని తెలిసి, అక్కడున్న కూతురు టిక్కెట్లు తీస్తానంది. అంతలో పిన్ని బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. లండన్ మాట అక్కడితో సరి.

పిన్నిని చూసుకోవడానికి కొల్లేటి లంకల్లోంచి ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నోట్లో నాలుక లేనట్టు ఉండేది. ఓ మధ్యాహ్నం బాబాయి హాల్లో ‘మెస్సయా’లోని ‘హల్లెలూయా’ బృందగానం పెట్టుకున్నాడు. ఆమె అదే హాల్లో దుప్పటి మడతపెడుతూ నోట్లో నోట్లో ఏదో అంటోంది. బాబాయి చెవి అటు తిరిగింది. ఆమె అంటున్నది అందరికీ తెలిసిన వరస కాదు. దాని కింద, దాన్ని అంటిపెట్టుకుని నడిచేది. ఆ పాట చివర్లో, అందరూ ఎలుగెత్తి పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయే చోటు ఒకటుంది. తెలియనివాళ్లు అక్కడ తప్పకుండా జారిపోతారు. ఆమె చేతిలో దుప్పటి గాల్లోనే ఆగింది. మళ్లీ గొంతులు లేచిన క్షణానికే ఈమె గొంతూ లేచింది.

“నువ్వు పాడేదేంటమ్మా? పాట అది కాదే?”

“పాట సొప్రానో వాళ్లదండి బాబుగారూ. నాది ఆల్టో అండి. మాది కింద నడుస్తదండి.”

బాబాయి స్పీకరు ఆపేసి కుర్చీ ఆమె వైపు లాక్కున్నాడు.

చిన్నప్పుడే తమ లంకలోని చర్చి క్వయర్‌లో చేరిందట. ఓ మేష్టారు నల్లబల్ల మీద డో రె మి అక్షరాలూ, మధ్యలో చుక్కలూ గీతలూ వేసి నేర్పేవారట. ఇంగ్లీషు మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకునేవారు. చెరువు పనుల్లోంచి వచ్చి, స్నానాలు చేసి, రాత్రిళ్లు సాధన. క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి పక్క లంకలవాళ్లు వినడానికి తాటిదోనెల మీద వచ్చేవారట. నాలుగు గొంతులూ ఉండేవట, బేస్‌కే ఎనిమిదిమందట.

“ఈ క్రిస్మస్‌కి నన్ను తీసుకెళ్లమ్మా. కారు పెడతాను. అమ్మగారి దగ్గర కోడలుంటుంది.”

“ఇప్పుడు లేదండి. మానేశారండి.”

“ఏం? మేష్టారు పోయారా?”

“ఉన్నారండి. పాడేవాళ్లు కూడా ఊళ్లోనే ఉన్నారండి. ఓ షావుకారు గారు మా మందిరానికి కీబోర్డూ, ఇంతింత స్పీకర్లూ ఇప్పించారండి. మీట నొక్కితే దరువు అదే వేసేస్తది. ఒకళ్లు మైకు పట్టుకుంటే లంకంతా వినపడతది. ఇంక ఇంతమంది ఎందుకని పాస్టరు అయ్యగారు చాలన్నారండి. అప్పట్నుంచీ పాడలేదండి.”

బాబాయికి కోపం ఆగలేదు. “ఎవడమ్మా ఆ షావుకారు? పాడే నోళ్లు మూయించడానికా డబ్బిచ్చింది?”

ఆమె దుప్పటి కింద పెట్టి తలొంచుకుంది.

“మీరేనండి. స్పీకరు మీద దాత అని మీ పేరు రాసుంటదండి. ఆ పేరు తెలిసే, మంచోరని మీ ఇంట్లో పనికి ఒప్పుకున్నానండి.”