మన తుఫాను రూర్కెలాలో తీరం దాటింది

డిసెంబర్ వచ్చిందంటే పులికాట్‌లో ఫ్లెమింగోలు, జూబ్లీహిల్స్‌లో ఎన్నారైలు. పక్షుల లెక్క అటవీశాఖ వాళ్ళు రాసుకుంటారు. ఎన్నారైల లెక్క మా ఫిల్మ్‌నగర్ లేడీస్ టైలర్ దగ్గరుంటుంది. "సంక్రాంతి దాకా జాకెట్లు పట్టుకోనమ్మా" అన్నాడంటే మంద దిగినట్టే. పళ్ళ డాక్టరు, కళ్ళజోడు, రిజిస్ట్రారాఫీసు, ఎవరిదో ఓణీల ఫంక్షను, పచ్చళ్ళ ప్యాకింగు... మూడు వారాల్లో ముప్ఫై పనులు చక్కబెట్టుకుంటారు. సూట్‌కేసుని తక్కెడకి తగిలించి, ముల్లు 23 కిలోల దగ్గర ఆగిందో లేదో చూసుకుని ఎగిరిపోతారు.

మా బావమరిది ఆ మందలోవాడే. గూడు అరిజోనాలో, చాండ్లర్‌లో. 2024 డిసెంబర్లో వచ్చినప్పుడు పదకొండేళ్ళ కొడుకుని కూడా తెచ్చాడు. వాడు బూట్లు విప్పకుండానే అడిగాడు.

"మామయ్యా, మీ టీమ్ ఎరీనా ఎక్కడ?"

"ఏ టీమ్‌రా?"

"హైదరాబాద్ తూఫాన్స్. హాకీ!"

నాది కథాచర్చల్లో కూర్చునే ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళుగా కూర్చుంటున్నాను. పేరు తెరమీద పడదు గానీ టీ మాత్రం వేళకి వస్తుంది. ఈ వృత్తిలో తెలియదనే మాట నోట రాకూడదు. అందుకే "ఓ, అదా! ట్రాఫిక్ తగ్గాక తీసుకెళ్తా" అన్నాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర కాపురమున్నవాడు ఇలాంటి మాట ధైర్యంగా ఇవ్వచ్చు. చెల్లించాల్సిన రోజు రాదు.

రాత్రి ఫోన్ తీసి చూద్దును కదా, టీమ్ నిజంగానే ఉంది. 2017 తర్వాత ఆగిపోయిన హాకీ ఇండియా లీగ్‌ని మళ్ళీ మొదలుపెడుతున్నారు. డిసెంబర్ 28న మొదటి మ్యాచ్. నెదర్లాండ్స్ కోచ్, అర్జెంటీనాలో పుట్టి జర్మనీకి ఆడుతున్న గొంజాలో పెయా అనే పెనాల్టీ కార్నర్ వీరుడు, ఆయనకి వేలంలో 68 లక్షలు. ఎరీనా ఒక్కటే తక్కువ. మ్యాచ్‌లన్నీ రూర్కెలా, రాంచీల్లో. పేరు హైదరాబాద్, కాపురం ఒడిశా. బంగాళాఖాతంలో పుట్టిన తుఫాన్లకి ఈ అలవాటు ఎప్పట్నుంచో ఉంది. మనకి హెచ్చరిక జెండా ఎగరేసి వెళ్ళి అక్కడ తీరం దాటుతాయి.

పొద్దున్నే కాఫీ దగ్గర సంగతి చెబితే మా బావమరిది జాలిపడలేదు సరికదా, "మీదే నయం బావా, మా కథ విను" అన్నాడు.

1996లో కెనడాలోని విన్నిపెగ్ నుంచి ఓ ఐస్ హాకీ జట్టుని పెకలించి తెచ్చి ఫీనిక్స్‌లో నాటారట. విన్నిపెగ్‌లో జనవరికి ముక్కు గడ్డకడుతుంది. ఫీనిక్స్‌లో జూలైకి కారు బానెట్ మీద ఆమ్లెట్ వేసుకోవచ్చు. జట్టుకి కయోటీస్ అని పేరు పెట్టారు. కయోటీ అంటే మన నక్కకి వేలువిడిచిన మేనత్త కొడుకు. ఎడారిలో పుట్టినవాడికి మంచుమీద ఆట ఎలా తెలుస్తుంది? అందుకని ఆశంతా చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళ మీదే. చలికాలం వస్తే కెనడా నుంచీ మిన్నెసోటా నుంచీ రిటైరైన దంపతులు బిలబిలా అరిజోనాకి దిగుతారు. అక్కడివాళ్ళు వాళ్ళని మంచుపక్షులంటారు. హాకీ అంటే ప్రాణం పెట్టే జాతి.

"ఇంకేం, స్టేడియం నిండుతుందిగా!" అన్నాను.

"నిండేది బావా. టొరంటో జట్టు వచ్చిన రోజు నిండేది, ఎడ్మంటన్ వచ్చిన రోజు నిండేది. కాకపోతే అందరూ ఆ జట్టు చొక్కాలే వేసుకొచ్చేవాళ్ళు."

అంటే విడిదీ మనదే, వంటా మనదే, వచ్చినవాళ్ళంతా మగపెళ్ళివారు. 2009లో దివాలా. 2022లో ఓ యూనివర్సిటీ వాళ్ళ చిన్న రింక్‌లో అద్దెకి దిగారు. సీట్లు 4,600. మన ప్రీ రిలీజ్ ఫంక్షన్లకి వీఐపీ పాసులే అంతకన్నా ఎక్కువ కొడతారు. 2023లో కొత్త స్టేడియం కట్టుకుంటామంటే టెంపీ ఊరివాళ్ళు ఓట్లేసి మరీ వద్దన్నారు. 2024 ఏప్రిల్‌లో జట్టు సాల్ట్ లేక్ సిటీకి వెళ్ళిపోయింది. కయోటీ టోపీ మాత్రం మా మేనల్లుడి నెత్తిమీద మిగిలింది. వాడు ఇక్కడికొచ్చి నా తూఫాన్స్‌ని ఎందుకు వెతుక్కున్నాడో అప్పుడర్థమైంది.

నాకు పౌరుషం వచ్చింది. అరిజోనా చెయ్యలేని పని ఫిల్మ్‌నగర్ చెయ్యలేదా? జనాన్ని పోగెయ్యడం మా కులవృత్తి. ఫిల్మ్ ఛాంబర్ దగ్గర టీ బండి సాక్షిగా ముగ్గురం కమిటీ వేశాం. నేనూ, సినిమా లేని ఒక అసిస్టెంట్ డైరెక్టరూ, సినిమా ఉన్నా డబ్బు అందని ఒక ప్రొడక్షన్ మేనేజరూ. మేనేజర్‌కి ప్రపంచంలో అన్నిటికీ ఒకటే మందు. "కృష్ణానగర్ నుంచి రెండొందలమంది జూనియర్లని వేసుకుందాం సార్. టిఫిన్, భోజనం, బేటా." మరి మ్యాచ్ రూర్కెలాలో అన్నాను. "అయితే అవుట్‌డోర్. బేటా డబుల్." బడ్జెట్ అక్కడికక్కడే చచ్చిపోయింది.

అసిస్టెంట్ డైరెక్టర్ మాత్రం అసలు పాయింట్ పట్టాడు. ఎన్నారైలు వస్తున్నారు, ఖాళీగా ఉన్నారు, సొంత ఊరిది ఏదో ఒకటి గుండెకి హత్తుకోవాలని తహతహలాడుతున్నారు. మా అపార్ట్‌మెంట్ డాబా మీద తెర కట్టి, మిరపకాయ బజ్జీ వేసి, మ్యాచ్ చూపిద్దాం. పైగా మనకి చెప్పుకోడానికి చరిత్ర కూడా ఉంది. 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ పుట్టినప్పుడు మొదటి ఏడాది ఆటలు మన గచ్చిబౌలిలోనే. మొదటి కప్పు మన హైదరాబాద్ సుల్తాన్స్‌దే. మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ మన ఊరివాడే. 2008తో లీగే పోయిందనుకోండి. ఫిల్మ్‌నగర్ నుంచి గచ్చిబౌలి ఎంతసేపు, అయినా ఒక్క మ్యాచ్‌కీ నేను వెళ్ళలేదు. ఆ ఏడాదంతా ఓ కథలో హీరోకి అంతరాత్మ ఉండాలా వద్దా అనే చర్చలో ఉన్నాను.

తెర పక్కన అలంకారానికి ఓ హాకీ కర్ర కావాలన్నారు. ఫిల్మ్‌నగర్‌లో అదెంతసేపు! ప్రాపర్టీ వాళ్ళ గొడౌన్లో హాకీ కర్రలు మోపులు కట్టి ఉంటాయి. దెబ్బ తగిలే షాట్లకి రబ్బరువి, క్లోజప్‌కి అసలువి. 1989లో 'శివ' వచ్చి సైకిల్ చైన్‌ని సైకిల్ నుంచి విడదీసినట్టే, మన కాలేజీ ఫైట్లు హాకీ కర్రని హాకీ నుంచి విడదీశాయి. తెలుగు తెరమీద హాకీ కర్ర పట్టినవాడు తల కాకుండా బంతిని కొట్టడం నేను చూసింది 2021లో, 'ఏ1 ఎక్స్‌ప్రెస్'లో. అంతకుముందు ఎవరన్నా కొట్టారేమో గానీ, ఆ సమయానికి నేను టీ తాగుతూ ఉండుంటాను.

ప్రాపర్టీ అతను కర్ర ఇస్తూ "ఫిబ్రవరి రెండున తిరిగి రావాలి, కాలేజీ ఫైటుంది" అని చీటీ మీద సంతకం పెట్టించుకున్నాడు.

మ్యాచ్ సాయంత్రం డాబా నిండింది. బజ్జీల ఖ్యాతి అలాంటిది. డల్లాస్ నుంచి వచ్చినాయన కౌబాయ్స్ టోపీ, న్యూజెర్సీ వాళ్ళబ్బాయి మెస్సీ చొక్కా, సియాటిల్ దంపతులు సన్‌రైజర్స్ నారింజ రంగు. ఒక పెద్దాయన తెరవైపు చాలాసేపు చూసి, నా చెవిలో "ఇది ఎవరి బ్యానరండీ?" అన్నారు. టీమ్ అన్నాను. "అదే, మన హీరోల్లో ఎవరి వైపు?" ఎవరివైపూ కాదు, ఊరి టీమ్ అంటే ఆయన ముఖంలో నమ్మకం సడలింది. జూబ్లీహిల్స్‌లో ఏ కుటుంబానికీ చెందని వస్తువు ఉంటుందంటే ఎవరు నమ్ముతారు? మా మేనల్లుడు "ఐస్ ఏదీ?" అన్నాడు. "ఫ్రిజ్‌లో" అంది మా ఆవిడ. వాడు నీలంరంగు మైదానాన్ని పావుగంట చూసి, ఈ హాకీలో ఎవరూ కొట్టుకోవట్లేదని నిట్టూర్చి కిందికెళ్ళాడు.

తూఫాన్స్ సర్కిల్లోకి దూసుకెళ్ళింది. డాబా మీద ఉల్లిపాయ బజ్జీ గురించి చర్చ. సరిగ్గా అప్పుడు చీకట్లోంచి "పెనాల్టీ కార్నర్!" అని కేక వినపడింది. అంపైర్ చెయ్యి ఆ తర్వాత లేచింది.

పక్కన కడుతున్న బిల్డింగ్ మూడో స్లాబ్ మీద, సెంట్రింగ్ కర్రల మధ్య, నలుగురు నిలబడి మా తెర చూస్తున్నారు.

మర్నాడు ఆ నలుగురిలో పెద్దవాణ్ణి పట్టుకున్నాను. రాడ్ బెండింగ్ పని. వరికోతలయ్యాక వస్తాడు, వానలకి ముందు వెళ్ళిపోతాడు. అచ్చమైన వలసపక్షి. ఊరెక్కడన్నాను.

"సుందర్‌గఢ్ జిల్లా సార్. రూర్కెలా మా జిల్లాలోనే."

నాకు నోట మాట రాలేదు. నా టీమ్ వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ జనం నా సందులో! ఇరవైవేల పైచిలుకు మంది పట్టే రూర్కెలా బిర్సా ముండా స్టేడియం 2023లో తెరిచారు. ఇతను దాన్ని బయటినుంచి చూశాడు గానీ ఆట చూడలేదు. ఆటలు జనవరిలో, అతను జనవరిలో జూబ్లీహిల్స్‌లో. వాళ్ళవైపు పిల్లలు వెదురు దుడ్డు పట్టి ఆట మొదలుపెడతారట. ఊరి పోటీల్లో గెలిచినవాళ్ళకి మేకపోతు బహుమతి. (మన భీమవరంలో కోడిపుంజులే ఆడతాయి, మనుషులు చూస్తారు.) "మా దిలీప్ తిర్కీ మీ సుల్తాన్స్‌కి ఆడాడుగా" అని గుర్తుచేశాడు. నా ఊరి చరిత్ర నాకు రాడ్లు వంచే చేత్తో చూపించాడు.

కర్ర చేతికిచ్చాను. ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద, నడుము వంచి నిలబడ్డాడు. అంతలోనే ఆగి, కర్రని వెలుతురులో తిప్పితిప్పి చూశాడు. హాకీ కర్రకి ఒకవైపు బల్లపరుపు, ఒకవైపు గుండ్రం. బంతిని బల్లపరుపు వైపే కొట్టాలి, గుండ్రం వైపు తగిలిందంటే ఫౌల్. ఈ కర్రకి బల్లపరుపు కొత్త పెళ్ళికూతురిలా నున్నగా ఉంది. గుండ్రం వైపు నిండా గాట్లు.

"ఎవరు సార్ దీంతో ఆడింది?" అన్నాడు బాధగా.

ఎవరని చెప్పను? ఇద్దరు ముగ్గురు పెద్ద హీరోలు.

తర్వాత సంక్రాంతి వచ్చింది. 'గేమ్ ఛేంజర్', 'డాకు మహారాజ్', చివర్లో 'సంక్రాంతికి వస్తున్నాం'. ఫిల్మ్‌నగర్‌కి కలెక్షన్లు తప్ప మరో ఆట పట్టలేదు. సిటీ జనం ఊళ్ళకి పోయారు, ఎన్నారైలు ఎయిర్‌పోర్టుకి పోయారు. మా మేనల్లుడు వెళ్తూ కయోటీ టోపీ నాకిచ్చాడు. "టీమ్ లేనివాళ్ళు పెట్టుకోవాలి మామయ్యా" అన్నాడు. తూఫాన్స్ మాత్రం చూసేవాడు లేకపోయినా గెలుచుకుంటూ ఫైనల్‌కి వెళ్ళిపోయింది.

ఫైనల్ ఫిబ్రవరి 1, శనివారం. పొద్దున బడ్జెట్. పన్నెండు లక్షల దాకా పన్ను లేదన్న ఆనందంలో ఆదాయం లేని మా కమిటీ కూడా పాలుపంచుకుంది. సాయంత్రం డాబా మీద నేను, నా నెత్తిన కయోటీ, పక్క బిల్డింగ్ నుంచి పద్నాలుగు మంది. ఈసారి వాళ్ళే బఠాణీలు తెచ్చారు. గోల్‌కి గోల్ పడుతుంటే వాళ్ళు లేచారు, వాళ్ళతోపాటు నేనూ లేచాను. కిందింటివాళ్ళు భూకంపమనుకున్నారు. చివరికి బెంగాల్ టైగర్స్ 4, మనవాళ్ళు 3. తెరమీద రూర్కెలా స్టేడియం చూపిస్తుంటే పద్నాలుగు మందీ మ్యాచ్ వదిలేసి జనంలో తమవాళ్ళని వెతుక్కున్నారు.

మర్నాడు పొద్దున ప్రాపర్టీ అతను బండి మీద వచ్చి కర్ర అడిగాడు. రాడ్ మేస్త్రి దాన్ని తుడిచి తెచ్చి, ఇవ్వాలా వద్దా అన్నట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇవాళ ఎవరితో మ్యాచ్ సార్?"

"మ్యాచ్ కాదయ్యా, హీరోకీ నలభై మంది రౌడీలకీ ఫైటు. కర్ర హీరోకి."

"అయితే గెలుస్తారు" అని ఇచ్చేశాడు.