హుషార్రావు గారి ఆటవిడుపు

గచ్చిబౌలి, మాదాపూర్ అద్దాల మేడల్లో ఏ అంతస్తులో లిఫ్టు దిగినా ఒక హుషార్రావు తగులుతాడు. వృత్తి ఏదైనా కావచ్చు, ప్రవృత్తి మాత్రం ఒకటే: నలుగురు ఎవరి పని వాళ్లు చేసుకుంటుంటే చూసి ఓర్వలేడు. వాళ్లని అర్జెంటుగా టీముగా మార్చెయ్యాలి. అందుకే మెడలో ఐడీ కార్డు పక్కన ఒక విజిల్ వేలాడుతుంటుంది.

"గైస్!" అని కేకేస్తాడు. అది వినగానే సీనియర్లు మోగని ఫోన్లు చెవికి ఆనించుకుని మెట్లవైపు నడుస్తారు. దొరికిపోయేది ఫ్రెషర్లే.

శాస్త్రం తెలియని మనిషి అనుకోకండి. ఏ జట్టయినా కూడటం, కొట్టుకోవడం, కుదురుకోవడం, పని చెయ్యడం అనే నాలుగు దశల్లో ఎదుగుతుందని 1965లో బ్రూస్ టక్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పాడు. 1977లో ఐదోది చేర్చారు, విడిపోవడం. ఇదంతా హుషార్రావు స్లైడు వేసి చూపిస్తాడు. తర్వాత ఆయన పెట్టించే తాడులాగుడు పోటీలో జనం రెండో దశ నుంచి తిన్నగా ఐదో దశకి, అంటే నోటీసు పీరియడ్‌కి చేరుకుంటారు.

ఆటల ఎంపికకి ఆయన సూత్రం ఒక్కటే: తనకి వచ్చింది లోకానికి నచ్చింది. కాలేజీలో కబడ్డీ ఆడాడు కాబట్టి ఆఫీసులోనూ కబడ్డీ. గొంతుంది కాబట్టి అంత్యాక్షరి, అదీ తెలుగు పాటలతోనే. ఒడిశా, అస్సాం పిల్లలకి చప్పట్ల శాఖ. రంజాన్ నెలలో మిట్టమధ్యాహ్నం పానీపూరీ పోటీ పెట్టి, ఉపవాసం ఉన్నతన్ని "నువ్వు లెక్కపెట్టు బ్రదర్" అన్నాడు. కళ్లు మూసుకుని వెనక్కి పడితే సహోద్యోగులు పట్టుకునే ఆట ఒకటుంది. అప్రైజల్‌లో పడేసినవాడి చేతుల్లోకే పడాలంటే ఎవరికి ధైర్యం? ఆ రోజు అమ్మాయిలందరికీ ఒకేసారి నడుం నొప్పి వస్తుంది. కుర్చీలు మార్పించాలని రాసుకుంటాడు.

అనంతగిరి కొండల ట్రెక్కింగ్‌కి వెళ్లినప్పుడు, చక్రాల కుర్చీ వాడే అమ్మాయికి "నువ్వు కిందనుంచి ఫొటోలు తియ్యమ్మా" అని పని అప్పజెప్పాడు. తగిన వెసులుబాటు ఇవ్వకపోవడం కూడా వివక్షే అంటుంది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. ఆ సంగతి ఎవరో చెవిన వేస్తే, వెంటనే ఆ చట్టం మీదే క్విజ్ పెట్టాడు. లిఫ్టు లేని రెండో అంతస్తు హాల్లో.

ఒక్కసారి మాత్రం మంచి ఆట దొరికింది. 20 స్పెగెటీ పుల్లలు, గజం టేపు, గజం దారం, ఒక మార్ష్‌మెల్లో. 18 నిమిషాల్లో గోపురం కట్టి మార్ష్‌మెల్లోని శిఖరాన నిలబెట్టాలి. పరుగులు లేవు, తాకుళ్లు లేవు, కూర్చున్నచోటే ఆడొచ్చు. పీటర్ స్కిల్‌మన్ కల్పించిన ఈ ఆటని టామ్ వుజెక్ ఊరూరా ఆడించి ఒక వింత చెప్పాడు: కిండర్‌గార్టెన్ పిల్లలు బిజినెస్ స్కూలు పట్టభద్రుల కన్నా ఎత్తుగా కడతారట. పెత్తనం ఎవరిదన్న పేచీ వాళ్లకి ఉండదు, పైగా మొదటినుంచీ మార్ష్‌మెల్లో పెట్టి చూసుకుంటూ కడతారు. మావాళ్లు టీమ్ లీడ్ ఎవరో తేల్చుకునేసరికి విజిల్ మోగింది. మిగిలిన మార్ష్‌మెల్లోలు ఓదార్పుగా పంచాడు. వాటిలో జెలటిన్ ఉంటుందని, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీస్తారని ఒకమ్మాయి గుర్తుచేసే లోపే శాకాహారులు సగంమంది నమిలేశారు.

మనిషి చెడ్డవాడు కాదు. ఖర్చులకి డబ్బు తక్కువైతే సొంత జేబులోంచి సమోసాలు తెప్పిస్తాడు. అడగడం ఒక్కటే రాదు. మీ ఆఫీసు హుషార్రావు ఈ పాటికి వచ్చే శనివారం ఔటింగ్‌కి గూగుల్ ఫారం తయారుచేస్తూ ఉంటాడు, "వస్తాను", "తప్పక వస్తాను" అన్న రెండు గడులతో. దయచేసి ఆ ఔటింగ్‌ని పనిదినానికి జరపమనండి. కింద "రాను" అని మూడో గడి పెట్టమనండి. దాని పక్కన కారణం రాసే ఖాళీ మాత్రం వద్దనండి.