శబ్దసిద్ధాంతి

పూర్వము ఇల్లు కట్టదలచిన గృహస్థునకు ఇద్దరి యనుగ్రహము చాలియుండెను: ఒకరు వాస్తు చూచు సిద్ధాంతిగారు, రెండవవాడు తాపీమేస్త్రి. నేడు అప్పుచేసి అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొని, హాలులో టీవీ బిగించి, దాని కిరుప్రక్కల పాటలు వినుటకు రెండు స్పీకర్లు పెట్టుకొందమని నలుగురిలో నోరుజారినవానికి మూడవ మహానుభావుడొకడు పిలువకయే ప్రత్యక్షమగును. ఈయనకు బ్యాంకులోనో కళాశాలలోనో ఉద్యోగము లేకపోలేదు. కాని యది జీవనోపాధికి మాత్రమే. ఇతరుల హాలులో స్పీకర్లు గోడకు తగిలింపదగునా, గోడకు దూరముగా స్టాండుపై నిలుపదగునా యను మీమాంసయే ఆయన జీవితపరమార్థము. కూకట్‌పల్లి మొదలు మధురవాడ వరకు క్రొత్త రంగువాసన యెచ్చట వచ్చునో అచ్చట నీ జాతివాడొకడుండును. ఆయనను శబ్దసిద్ధాంతి యని పిలిచెదము.

గృహప్రవేశమునాడు తక్కినవారందరు పాలు పొంగినవా యని పొయ్యివంక చూచుచుండగా, శబ్దసిద్ధాంతి హాలు నడుమ నిలిచి, ఫెళ్లున నొక్కసారి చేతులు చరచి, కన్నులు మూసికొని చెవి యొగ్గును. ముత్తైదువలు హారతివేళ యనుకొని లేచి నిలుచుందురు. పిల్లలు తామును చప్పట్లు మొదలిడుదురు. పురోహితుడు మంత్రమెచ్చట నాపెనో మరచును. ఈయనకివి యేవియు పట్టవు. నున్నని టైల్సు, అద్దపు తలుపులు, ఎదురెదురుగా బోసిగోడలు గల గదిలో చప్పుడు ఈ గోడకు ఆ గోడకు నడుమ కొట్టుకొని కొట్టుకొని గాని చావదు. ఆ సంగతి కనిపెట్టి, రోగి బంధువులతో మాటలాడు వైద్యుని గొంతుకతో, "టక్కున ఆగాల్సిన చప్పుడు టర్రుమని సాగుతోందండీ. కర్టెన్లు మందంవి వేయించండి. తివాచీ ఉందా?" అని గృహస్థుని చెవిలో చెప్పును. పిమ్మట స్నానాలగదిలోని అద్దము నూడదీయించి, దానిని ప్రక్కగోడ వెంబడి మెల్లమెల్లగా జరిపించుచు, తాను సోఫాలో ఆసీనుడై, ఇంకను కొనని స్పీకరు ఆ అద్దములో ఎచ్చట కనబడవలసియున్నదో అచ్చట క్రొత్తగోడపై పెన్సిలుతో గుర్తు పెట్టించును. ధ్వని ప్రక్కగోడను తాకి శ్రోత చెవికి మరలు తావు అదియే. దానిపై నొక దట్టమైన వస్త్రము వ్రేలాడదీయవలెనని ఆయన శాసనము.

ఆయన చెప్పునది యసత్యమైనచో ఇంటివా రెప్పుడో బ్రదికిపోయెడివారు. చిక్కేమనగా, ప్రతి మాటయు సత్యమే. 20 డిగ్రీల వేడిమిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. స్పీకరును గోడకు ఒక మీటరు ముందు నిలిపినచో, వెనుకకు పోయిన మంద్రధ్వని గోడను తాకి మరలివచ్చుసరికి రెండు మీటర్లు వెనుకబడి, 86 హెర్ట్‌జ్ దగ్గర, తిన్నగా వచ్చినదానికి ఎదురుతిరిగి దానిని క్రుంగదీయును. పోనీ, గోడకు ఆనించితిమా, ఆ లోపము పై స్థాయికి జరిగిపోవును గాని మంద్రము 6 డెసిబెల్సు వరకు ఉబ్బును. రాయ్ అలిసన్ అను అమెరికా ఇంజనీరు గది గోడల ఈ ప్రభావమును గూర్చి 1974లో పరిశోధనపత్రము ప్రకటించి, గోడ సాయము తీసికొని పాడు స్పీకర్లనే నిర్మించెను. ఆన్‌వాల్ స్పీకరును కట్టువాడు ఆ యుబ్బును ముందుగనే లెక్కించి, మంద్రమును ఆ మేరకు తగ్గించి కట్టును. అయితే గోడపై చూడముచ్చటగా నుండుటకై పెట్టె పలుచబడును; లోపలి గాలి తగ్గును; కావున మిక్కిలి లోతైన మంద్రమును దానినుండి ఆశింపరాదు. స్టాండుపై నిలుపు బుక్‌షెల్ఫ్ పెట్టెకు గాలి కొదువలేదు; కాని పెక్కింటికి వెనుకప్రక్క రంధ్రముండును, ఆ రంధ్రమునకు ఊపిరాడవలెను. భారతసంపుటములకు స్టీలుడబ్బాలకు నడుమ అరలో ఇరికించినచో గాయకుని గొంతుక పోయి గుయ్యిమనుటయే మిగులును. ఇట్లు ఉభయపక్షములకును తానే వకాల్తా పుచ్చుకొని, ఉదయము గోడను సమర్థించి, కాఫీ త్రాగి, భోజనవేళకు స్టాండును సమర్థించి, రెండు వాదములందును ఆయనయే గెలుచును; రెండింటను ఓడువాడు ఇంటి యజమానుడు.

అప్పటికిని లొంగనివారిని చరిత్రతో లొంగదీయును. 1954లో ఎడ్గర్ విల్చర్ మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకొని, లోతైన మంద్రమునకు మహాకాయములైన స్పీకర్లతో పనిలేకుండ జేసిన వృత్తాంతమును, బి.బి.సి. వారు బయట కార్యక్రమములకు పోవు వాహనములలోని ఇరుకుచోటుల కొరకు అడుగెత్తు ఎల్‌ఎస్ 3/5ఏ పెట్టెను రూపొందించుకొన్న వృత్తాంతమును, నడుమ నడుమ గుటకలు మ్రింగుచు, భక్తిపారవశ్యమున వినిపించును. అంతయు విని ఇంటి పెద్దావిడ, "ఇంతకీ అది పాడుతుందా నాయనా?" అని యడుగును. "గదిని బట్టమ్మా" యని ఆయన ప్రత్యుత్తరము.

ఒక గృహప్రవేశమున ఈయనకు వాస్తుసిద్ధాంతిగారు తారసిల్లిరి. టీవీకి కుడిప్రక్క రావలసిన స్పీకరు ఈశాన్యమున పడుచున్నది. "ఈశాన్యంలో బరువు పనికిరాదు. రెండూ తీసుకెళ్లి నైరుతిలో పెట్టండి" అని ఆయన. "మూలలో పెడితే బాస్ ఉబ్బుతుందండీ. పైగా రెండూ ఒకచోట చేరిస్తే స్టీరియో ఎక్కడుంటుంది?" అని ఈయన. సంధి కుదుర్చుటకై గృహస్థుడు గోడకే తగిలింతమనగా, డ్రిల్లింగు మిషనుతో వచ్చిన కుర్రవాడు గోడను వ్రేలితో తట్టి, "సార్, ఇది మైవాన్ గోడ. ఇటుక కాదు, మొత్తం కాంక్రీటే. బిట్లు అరిగిపోతాయి, రేటు వేరే" అనెను. ఎడమ స్పీకరు వచ్చుచోట గృహిణి తండ్రిగారి పటము దండతో సహా వెలసియుండెను. "మా నాన్నగారిని ఎక్కడికి పంపమంటారు?" అని ఆమె ప్రశ్నించుసరికి గోడపక్షము వీగిపోయెను. ఇక స్టాండుపక్షము. రెండు స్పీకర్లును శ్రోతయు సమబాహుత్రిభుజముగా నుండవలెను గదా యని టేపు పట్టి కొలువగా, ఆ త్రిభుజపు మూడవ కోణము సరిగా వంటింటి గుమ్మములో పడెను. అచ్చట కుర్చీ వేసికొని కూర్చుండువానికి సంగీతము దివ్యముగా వినవచ్చును గాని, తక్కినవారికి భోజనము హాలులోనికి రాదు.

కోఠీలోని గుజరాతీ గల్లీకి ఈయనను వెంటబెట్టుకొని పోవుట మరియొక ఘట్టము. దుకాణదారుడు ఖరీదైన జతను మ్రోగించునపుడు చిటికెడు స్వరము పెంచుననియు, రెండింటిలో కొంచెము బిగ్గరగా పలుకునదియే చెవికి మేలైనదిగా తోచుననియు ఈయన యెరుగును. కనుక ఫోనులోని మీటరుతో రెండింటిని సమము చేయించును. అంతటితో నూరకుండడు. టూల్, ఆలివ్ అను పరిశోధకులు 1994లో ప్రకటించిన పరీక్షలలో, పాడునది యేదో కంటికి కనబడినపుడు శ్రోతలు వేసిన మార్కులు, కనబడనపుడు వేసిన మార్కులతో సరిపోలలేదు. కావున తెర కట్టవలెనని పట్టుపట్టి, గృహస్థుని చేతిలోని దుప్పటి పొట్లమును విప్పించి, ఒక కొసను నిచ్చెనకు ముడివేయును. "సార్, కొంటారా, నాటకం వేస్తారా?" అని దుకాణదారుడు చేతులు జోడించును.

ఈయన స్నేహమున కొక విశేషము కలదు: కోరిక పుట్టిననాడు అది మొలకెత్తును, బిల్లు చేతికి వచ్చిననాడు వాడిపోవును. ఉత్సాహముండబట్టలేక ఎవ్వడేని సాహసించి ఒక జత కొనివైచెనా, శబ్దసిద్ధాంతి ఒక్కమారు వచ్చి, రెండు నిమిషములు విని, "బాగానే ఉందండీ, గోడ కదా, అంతే" అనియో, "స్టాండ్లు మారిస్తే ఇంకా తెరుచుకుంటుంది" అనియో పలికి నిష్క్రమించును. మరల ఆ గడప త్రొక్కడు. నిర్ణయమైపోయిన ఇంటిలో ఆయనకు చేయవలసినదేమియు లేదు. ఇందు దురాశ లేదు, కమీషను లేదు. ఎవ్వరియొద్దను పైసా పుచ్చుకొనడు. తెగని ప్రశ్నయే ఆయనకు దక్షిణ.

ఈ రహస్యమును కనిపెట్టినవారు మా యెరుకలో ఒక్కరే, విశ్రాంతి పుచ్చుకొన్న ప్రధానోపాధ్యాయులు. వారి కుమారులు అమెరికాలో నున్నారు, సాయంకాలములు దీర్ఘములు, వచ్చువారు మోకాళ్ల నొప్పులను గూర్చి తప్ప మాటాడరు. అలిసన్‌ను గూర్చియు విల్చర్‌ను గూర్చియు ఇంత శ్రద్ధగా మాటాడువాడు దొరికినపుడు ఆ సంభాషణను రెండు పెట్టెల కొరకు చంపుకొనుట తెలివితక్కువ యని వారు తలచిరి. శబ్దసిద్ధాంతి స్టాండువైపు మొగ్గినపుడెల్ల మాస్టారు గోడను, గోడవైపు మొగ్గినపుడెల్ల స్టాండును పొగడుచు, ఏండ్ల తరబడి ఆ వ్యాజ్యమును వాయిదా వేయించుచున్నారు. ఆయన వెళ్లిన పిమ్మట ఫోనును ఖాళీ స్టీలుగ్లాసులో నిలిపి ఘంటసాలను సుఖముగా వినుచున్నారు.

మొన్న శబ్దసిద్ధాంతి కాగితముల కట్టతో వచ్చి, "మాస్టారూ, ఇక సందేహం లేదండీ. లెక్కలన్నీ కుదిరాయి. మీ గదికి స్టాండే. రేపే వెళ్దాం" అని ప్రకటించి, విజయముతోపాటు కొంత విషాదమును ముఖమున దాల్చి, సెలవు పుచ్చుకొనుటకై లేచెను. మాస్టారు కళ్లజోడు తుడిచికొని, "సంతోషమండీ. కానీ నేను వినేవి పాతాళభైరవి పాటలు. 1951 నాటి మోనో రికార్డింగులు. వాటికి రెండు స్పీకర్లూ ఒకే మాట చెబుతాయని మీరే సెలవిచ్చారు. అలాంటప్పుడు రెండెందుకు, ఒక్కటి చాలదా?" అనిరి. శబ్దసిద్ధాంతి నిశ్చేష్టుడయ్యెను. మాస్టారు మరింత వినయముతో, "ఆ ఒక్కటీ గోడకా, స్టాండుకా?" అనిరి.

"ఒక్కటే అయితే త్రిభుజం ఉండదు. మధ్యన పెట్టాలి. అప్పుడు పక్కగోడల దూరాలన్నీ మారిపోతాయి" అని గొణుగుచు, కన్నులలో వెలుగు నిండగా, లేచినవాడు మరల కూర్చుండి కాగితము వెనుకవైపు త్రిప్పెను.